కాళ్ళ పీకుడుకి మెగ్నీషియం వాడాలా, ఐరన్ వాడాలా? ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ 19 వచ్చింది

నిద్రలేని నెల్లూరు:
అందరికీ నమస్తే. నాకు 41 ఏళ్ళు. చీకటి పడితే చాలు, పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లోపలి నుంచి లాగుతున్నట్టు మొదలవుతుంది. నొప్పీ కాదు, తిమ్మిరీ కాదు, కాలు కదిపితే గానీ ఊరుకోదు. లేచి హాల్లో నాలుగు అడుగులు వేస్తే పోతుంది, పడుకోగానే మళ్ళీ అదే. హైదరాబాద్ స్లీపర్ బస్సు ఎక్కాలంటేనే భయం, ఆ బెర్తులో లేచి నడవలేం కదా. మా నాన్నగారు కూడా రాత్రుళ్ళు వరండాలో తిరుగుతూ ఉండేవారు, అప్పట్లో అదేమిటో ఎవరికీ తెలియదు. న్యూరాలజీ డాక్టరు గారు చూసి రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అన్నారు, కొన్ని రక్త పరీక్షలు రాశారు, మళ్ళీ ఆయన దగ్గరికి వచ్చే నెల వెళ్ళాలి.

ఈలోపు ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. అత్తయ్య కాల్షియం అన్నారు, ఆఫీసులో ఒకావిడ మెగ్నీషియం గ్లైసినేట్ అంది, తమ్ముడు బి12, యూట్యూబ్‌లో డి3. నాలుగూ కొని పెట్టుకున్నాను, ఇంకా మొదలుపెట్టలేదు. రిపోర్టులో హిమోగ్లోబిన్ 12.3, ఫెరిటిన్ 19, డి విటమిన్ 17, బి12 420. ల్యాబ్ కాగితం మీద ఫెరిటిన్ 10 నుంచి 120 వరకు నార్మల్ అని ఉంది. మా వీధిలో డాక్టరు గారికి చూపిస్తే రక్తం బాగానే ఉందమ్మా, ఐరన్ అక్కర్లేదు అన్నారు. నెలసరి మాత్రం చాలా ఎక్కువ అవుతుంది. ఏది వాడాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

హనుమకొండ టీచర్:
అక్కా, మిగతావి పక్కన పెట్టి ముందు ఆ 19 సంగతి చూడండి. నేనూ ఇదే బాధ పడ్డాను కాబట్టి గట్టిగా చెబుతున్నా. హిమోగ్లోబిన్ అంటే వంటింటి డబ్బాలో బియ్యం, ఫెరిటిన్ అంటే గాదెలో ధాన్యం. డబ్బా నిండుగానే కనిపిస్తుంది, గాదె ఖాళీ అయిపోయి ఉంటుంది. మామూలు మనుషులకి ల్యాబ్ చెప్పే నార్మల్ వేరు, ఈ జబ్బు ఉన్నవాళ్ళకి కావలసిన లెక్క వేరు. ఈ జబ్బు మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2018లో ఇచ్చిన సూచనల్లో ఫెరిటిన్ 75 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఐరన్ మాత్రలు ఇచ్చి చూడమని ఉంది. మీది 19.

అసలు సమస్య మెదడులో. అక్కడ ఐరన్ తక్కువైతే డోపమిన్ అనే రసాయనం పని గాడి తప్పుతుంది, అందుకే సాయంత్రమూ రాత్రీ కాళ్ళు నిలవనివ్వవు. నాకు ఫెర్రస్ ఆస్కార్బేట్ అనే ఐరన్ మాత్ర రాశారు, ఖాళీ కడుపుతో, నిమ్మరసంతో వేసుకునేదాన్ని. మొదట్లో ఏ తేడా లేదు, మానేద్దామా అనిపించింది, కానీ దీనికి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఇప్పుడు చాలా రాత్రులు పడుకోగానే నిద్ర పడుతోంది. పూర్తిగా పోలేదు, ప్రయాణాల్లో ఇంకా వస్తుంది. ఇంట్లో ఒకరికి ఉంటే పిల్లలకి రావడం కూడా మామూలే, మీ నాన్నగారిదీ ఇదే అయ్యుంటుంది.

పల్నాడు72:
నాకు మెగ్నీషియంతోనే తగ్గింది మేడమ్. రాత్రి పిక్క గట్టిగా పట్టేసి కేక పెట్టేవాడిని, ఇప్పుడు లేదు. ఖర్చు కూడా తక్కువ, ట్రై చేయండి.

మందులషాపు రాజమండ్రి:
పల్నాడు అన్నా, మీకు వచ్చింది పిక్క పట్టేయడం. కండరం రాయిలా బిగిసి విపరీతమైన నొప్పి వస్తుంది, రుద్దితే వదులుతుంది. నెల్లూరు మేడమ్ చెప్పేది అది కాదు. కదలాలనిపించడం, కూర్చున్నా పడుకున్నా పెరగడం, నడిస్తే తగ్గడం, సాయంత్రమైతే ఎక్కువవడం, ఈ నాలుగూ కలిస్తే ఇంకో జబ్బు. దానికి మెగ్నీషియం పనిచేస్తుందన్న ఆధారం చాలా బలహీనం. కిడ్నీలు బాగున్నవాళ్ళు వేసుకుంటే పెద్ద ప్రమాదం లేదు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడక్కుండా ముట్టుకోకూడదు.

మేడమ్, రోజూ కౌంటర్ దగ్గర చూసేవాడిని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. మీరు కొన్న కాల్షియం, డాక్టరు రాయబోయే ఐరన్ ఒకేసారి మింగితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు, రెండు గంటలైనా తేడా ఉండాలి. టీ, కాఫీ కూడా అంతే. మాత్ర వేసుకుని వెంటనే టీ తాగి, ఐరన్ వాడినా లాభం లేదని చెప్పేవాళ్ళు చాలామంది వస్తారు. థైరాయిడ్ మాత్ర ఉంటే నాలుగు గంటలు ఎడం. గ్యాస్ కోసం ఏళ్ళ తరబడి పాంటోప్రజోల్ వేసుకునేవాళ్ళకి ఐరన్ తక్కువగా పడుతుంది, అది డాక్టరుకి చెప్పండి. ఐరన్ వల్ల మలం నల్లగా వస్తే కంగారు పడకండి, మలబద్ధకం మాత్రం రావచ్చు.

బి12 మీకు బాగానే ఉంది, అవసరం లేదు. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవాళ్ళలో అది తగ్గుతుంది, అరికాళ్ళలో మంటలు, తిమ్మిర్లు వస్తాయి, అది వేరే కథ. బలానికని బి కాంప్లెక్స్ నెలల తరబడి వాడేవాళ్ళు అందులో బి6 ఎంతుందో చూసుకోండి, ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. డి విటమిన్ 17 అంటే తక్కువే, ఎముకల కోసం వేసుకోవాల్సిందే, కాళ్ళ పీకుడు దానితో పోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 60,000 యూనిట్ల సాచెట్ సాధారణంగా వారానికి ఒకటి, కొందరు పొరపాటున రోజూ తాగేస్తున్నారు, చాలా ప్రమాదం. ఇంకో మాట, జలుబు మాత్రల్లో ఉండే నిద్రమత్తు తెచ్చే మందులు, క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి, ఈ బాధను పెంచుతాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మందులు కూడా. అలా అని డాక్టరు రాసినవి సొంతంగా ఆపొద్దు, అడగండి.

కాబోయే అమ్మ:
నాకు ఏడో నెల, నాకూ అచ్చం ఇలాగే ఉంది. ఆశా అక్క ఇచ్చిన ఎర్ర మాత్రలు వికారంగా ఉన్నాయని మానేశాను. ఇది బిడ్డకి ఏమైనా ప్రమాదమా?

హనుమకొండ టీచర్:
చెల్లీ, భయపడకు. కడుపుతో ఉన్నప్పుడు చాలామందికి వస్తుంది, ఎక్కువమందికి కాన్పు తర్వాత తగ్గిపోతుంది. ఆ ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, ఇప్పుడు అవి నీకు చాలా అవసరం. తిన్న తర్వాత వేసుకుని చూడు, పడకపోతే డాక్టరమ్మకి చెప్పి వేరేది రాయించుకో. మానేయడం మాత్రం వద్దు.

న్యూజెర్సీ తెలుగబ్బాయి:
మాత్రలు పడనివాళ్ళకి, మాత్రలతో ఫెరిటిన్ పెరగనివాళ్ళకి సెలైన్ లాగా నరంలోకి ఎక్కించే ఐరన్ ఉంది. అమెరికాలో స్లీప్ మెడిసిన్ అకాడమీ 2025లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఐరన్ తక్కువున్నవాళ్ళకి ఇలా ఎక్కించే ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్‌ని గట్టిగా సిఫారసు చేసింది. మా అమ్మకి ఇక్కడ అదే ఎక్కించారు, ఆసుపత్రిలో పర్యవేక్షణలోనే చేస్తారు. అదే గైడ్‌లైన్స్‌లో ఈ జబ్బుకి ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ మాత్రలు మామూలుగా వాడొద్దని కూడా అన్నారు. మొదట అద్భుతంగా పనిచేస్తాయి, కానీ ఏళ్ళు గడిచేకొద్దీ బాధ సాయంత్రం కాకముందే మొదలవుతుంది, చేతులకి కూడా పాకుతుంది. డాక్టరు ఆ మందు రాస్తే ఈ విషయం తప్పకుండా అడగండి అక్కా.

నిద్రలేని నెల్లూరు:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇంత ఓపికగా రాశారు. ఐరన్ రోజూ వేసుకోవాలా, రోజు మార్చి రోజా? మేము శాకాహారులం, తోటకూర, గోంగూర పెంచితే సరిపోదా?

మందులషాపు రాజమండ్రి:
ఒక మాత్ర పడగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, మర్నాడు వేసుకునే ఐరన్ సరిగా పట్టనివ్వదు. అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు రోజు మార్చి రోజు రాస్తున్నారు, కడుపులో ఇబ్బంది కూడా తగ్గుతుంది. ఆకుకూరలు తినండి, మంచిదే, కానీ వాటిలో ఐరన్ ఒంటికి పట్టేది కొంచెమే. 19 నుంచి 75 దాటడానికి కూర ఒక్కటే చాలదు. నెలసరి అంత ఎక్కువైతే గైనకాలజిస్టుని తప్పనిసరిగా కలవండి, అక్కడ పోతున్నంత కాలం ఇక్కడ ఎంత వేసినా నిలవదు. ఇంట్లో ఎవరికైనా తలసీమియా ఉంటే అది ముందే చెప్పాలి, ఐరన్ ఎక్కువైనా ప్రమాదమే. మాత్రలు పిల్లలకి అందకుండా పెట్టండి, చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మూడు నెలల తర్వాత ఫెరిటిన్ మళ్ళీ చేయించండి, ముందు రోజు ఐరన్ ఆపి, పొద్దున్నే పరగడుపున రక్తం ఇవ్వండి. జ్వరమో ఇన్ఫెక్షనో ఉన్నప్పుడు చేయించొద్దు, ఐరన్ నిల్వ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది.