కోర్టు కాపీయిస్ట్ పోస్టుకు టైపింగ్ హయ్యర్ రిజల్ట్ రాకముందే అప్లై చేయొచ్చా?

అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. బీకాం అయిపోయి మూడేళ్లయింది. 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జిల్లా కోర్టులకు 3,432 పోస్టులు వేసినప్పుడు జూనియర్ అసిస్టెంట్ పరీక్ష రాశాను. 80 ప్రశ్నలు, సగం జనరల్ నాలెడ్జ్, సగం ఇంగ్లిష్. నన్ను ముంచింది ఇంగ్లిషే.

ఈసారి కాపీయిస్ట్ పోస్టు (కోర్టు కాగితాలకు నకళ్లు తయారుచేసే ఉద్యోగం) మీద ఆశ పెట్టుకున్నాను. దానికి ఇంటర్ చాలు కానీ ఇంగ్లిష్ టైప్‌రైటింగ్‌లో హయ్యర్ గ్రేడ్ (లోయర్‌కి పైది) పాసై ఉండాలి. టైపింగ్ వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి పోటీ తక్కువని మా ఇన్‌స్టిట్యూట్ మాస్టారు అంటారు. ఆయన మాట సగమే నమ్ముతాను, ఫీజు కట్టించుకునేది ఆయనే కదా!

లోయర్ పాసయ్యాను. హయ్యర్ పరీక్ష రాసేశాను, ఫలితం ఇంకా రాలేదు. ఈలోగా నోటిఫికేషన్ పడితే ఏం చేయాలి? దరఖాస్తు చివరి తేదీకే సర్టిఫికెట్ చేతిలో ఉండాలా, వెరిఫికేషన్ నాటికి చూపిస్తే ఒప్పుకుంటారా? నెట్ సెంటర్ అబ్బాయి "ఏం కాదక్కా, పాస్ అని పెట్టేద్దాం" అంటున్నాడు. నాకేమో భయం. తప్పు వివరాలిచ్చానని తర్వాత తీసేస్తే?

ఇంకో సందేహం. స్కిల్ టెస్ట్ కంప్యూటర్ మీదా, మెషిన్ మీదా? నేను నేర్చుకున్నదంతా పాత రెమింగ్టన్ టైప్ మెషిన్ మీదే. కీబోర్డు ముట్టుకుంటే వేళ్లు మరీ గట్టిగా పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. కోర్టులో ఇప్పటికే చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.