అప్‌డేట్: ఒకే వరుసలో 8 ఎంబీ మెమరీ దొరికింది

లినక్స్‌తో నడిచే మా కెమెరా బోర్డుకి ఐఓఎంఎంయూ (చెల్లాచెదురుగా ఉన్న మెమరీని పరికరానికి ఒకే వరుసలా చూపించే హార్డ్‌వేర్) లేదు, యూజర్ ప్రోగ్రామ్‌కి ఫిజికల్‌గా ఒకే వరుసలో ఉండే 8 ఎంబీ బఫర్ ఎలా ఇవ్వాలని అడిగాను కదా. పని అయింది!

మలాక్ (ప్రోగ్రామ్ మెమరీ అడిగే ఫంక్షన్) వరుసగా ఇచ్చేది వర్చువల్ అడ్రస్‌లే, అసలు ర్యామ్‌లో అవి పక్కపక్కన ఉండాలని లేదు. కెర్నల్‌లో మెమరీ పేజీలు పంచే బడ్డీ అలొకేటర్ కూడా 4 కేబీ పేజీలతో మామూలుగా ఒక్కసారికి 4 ఎంబీ దాటి ఇవ్వదు. బెంగళూరు ఆఫీసులో పక్క టీమ్ అన్న చెప్పినట్టు కెర్నల్ బూట్ లైన్‌లో సీఎంఏకి (ఒకే వరుసలో ఉండే పెద్ద బఫర్ల కోసం కెర్నల్ ముందే పెట్టుకునే చోటు) 64 ఎంబీ కేటాయించాను. ఆ చోటు ఊరికే పడి ఉండదు. కదిలించగల పేజీలు వాడుకుంటూనే ఉంటాయి, మనం అడిగితే కెర్నల్ వాటిని పక్కకు జరిపి ఇస్తుంది. ఈ ఏర్పాటు నాకు భలే నచ్చింది. డ్రైవర్‌లో బఫర్ తీసుకుని ఎంమ్యాప్‌తో (ఆ మెమరీని ప్రోగ్రామ్ అడ్రస్‌లలోకి తెచ్చే కాల్) ప్రోగ్రామ్‌కి ఇచ్చాను, ఫ్రేములు వస్తున్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కెర్నల్ 5.6 నుంచి ఉన్న డీఎంఏ-బఫ్ హీప్స్ (ప్రోగ్రామే నేరుగా ఇలాంటి బఫర్ అడిగి తీసుకునే కెర్నల్ సదుపాయం) చూడండి. బఫర్ కోసమే విడిగా డ్రైవర్ రాయక్కర్లేదు.