శ్రీలంకకు ఎవరు దగ్గర: పక్కనున్న మనమా, దూరాన ఉన్న చైనానా?

కొత్తపేట కుర్రాడు: శ్రీలంక అధ్యక్షుడు అనుర కుమార దిసనాయకె 2024 డిసెంబరులో ముందు ఢిల్లీ వచ్చాడు, నెల తిరిగేసరికి బీజింగ్‌లో ఉన్నాడు. చిన్న దేశం పక్కవాడిని నమ్ముకోవాలా, దూరం నుంచి డబ్బు పెట్టేవాడినా? నేపాల్, మాల్దీవుల గురించి కూడా చెప్పండి.

ఐదు లీటర్లు: నేపాల్ నాకు తెలీదు. 2022 ఆగస్టులో ఆఫీసు పని మీద కొలంబోలో ఉన్నా. లంక దగ్గర డాలర్లు నిండుకుని పెట్రోలు కరువైన రోజులవి. నన్ను తిప్పిన ఆటో అతనికి వారానికి 5 లీటర్ల పెట్రోలే. ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపిస్తేనే పోసేవారు. లైన్‌లో ఇంజన్ ఆపేసి ఆటోని తోసుకుంటూ వెళ్లాడు, వెనక నుంచి నేనూ ఓ చెయ్యి వేశా. ఆ ఏడాది మనం దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేశాం. అదే నెల 16న ఉపగ్రహాల జాడ పట్టే చైనా వాళ్ల ఓడ యువాన్ వాంగ్ 5 లంకలోని హంబన్‌తోట పోర్టుకి వచ్చి ఆగింది. ఒళ్లు మండదా?

నల్లమల: పోర్టే అమ్ముకున్నాక ఓడ రావడం వింతేముంది? అప్పు తీర్చలేక చైనాకి రాసిచ్చేశారు.

విశాఖ షిప్పింగ్: అమ్మలేదు మాస్టారూ, లీజు. 2017లో 99 ఏళ్లకి, 112 కోట్ల డాలర్లకి. ఆ డబ్బుతో పోర్టు అప్పు తీర్చలేదు కూడా, డాలర్ల నిల్వలు పెంచుకోవడానికి వాడుకున్నారు. పోర్టు కట్టడానికి అప్పిచ్చిన చైనా ఎగ్జిమ్ బ్యాంకు బాకీ అలాగే ఉంది. 22 ఏళ్లుగా ఈ ఫీల్డులోనే ఉన్నాను, నాది వాట్సాప్ చదువు కాదు.

నల్లమల: 99 ఏళ్లంటే అమ్మినట్టే. మా తాత కౌలుకిచ్చిన రెండెకరాలు ఇప్పటికీ మా చేతికి రాలేదు.

విశాఖ షిప్పింగ్: మీ తాతగారి పొలం కోర్టులో తేల్చుకోండి. ఇది వేరు.

నల్లమల: పొలం జోలికి రావద్దు.

సీతాలు: ట్రింకోమలీ ఆయిల్ ట్యాంకులు మనకీ 99 ఏళ్లకి ఇచ్చారుగా? మనం చేస్తే స్నేహం, చైనా చేస్తే ఉచ్చా?

విశాఖ షిప్పింగ్: అమ్మా, 99 అనేది ట్యాంకుల లెక్క, ఏళ్ల లెక్క కాదు! బ్రిటిష్ వాళ్ల కాలం నాటివి. 2022 జనవరి ఒప్పందంలో 14 ఇండియన్ ఆయిల్ వాళ్ల లంక కంపెనీకి, 24 లంక ప్రభుత్వ సంస్థ సిలోన్ పెట్రోలియానికి, మిగతా 61 ఉమ్మడి కంపెనీకి. దాంట్లోనూ 51 శాతం సిలోన్ పెట్రోలియం వాళ్లదే.

సీతాలు: సరే, నాదే పొరపాటు. కానీ 2021లో కొలంబో పోర్టులో ఈస్ట్ టెర్మినల్ మనకిస్తామని చెప్పి యూనియన్లు గొడవ చేశాయని వెనక్కి తగ్గారు. పక్కవాడి మీద భయం చైనా నేర్పింది కాదు, ఎప్పటినుంచో ఉంది.

విశాఖ షిప్పింగ్: భయమున్నా వదలలేరు. కొలంబోలో ఓడ మారే కంటైనర్లలో పెద్ద వంతు మన సరుకే. అది రాకపోతే ఆ పోర్టు ఈగలు తోలుకోవాలి.

తాళపత్రం: అసలు కథ 1815లో ఉంది. లంకలోని క్యాండీ రాజ్యం చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ తెలుగు మాట్లాడే నాయక వంశం వాడు. సొంత ప్రధానులే బ్రిటిష్ వాళ్లతో చేతులు కలిపి ఆయన్ని దించేశారు. పక్క నుంచి వచ్చిన రాజు వద్దనుకుంటే సముద్రం అవతలి దొర వచ్చి కూర్చున్నాడు.

నల్లమల: ఆయన తమిళుడండీ. పోయింది కూడా వేలూరులోనే.

తాళపత్రం: వేలూరుకి పంపింది బ్రిటిష్ వాళ్లు, ఖైదీగా! ఖైదు చేసిన ఊరే సొంతూరైపోతుందా? లంకలో పాములాడించే అహికుంటకులు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వాళ్లనీ తమిళుల్లో కలిపేస్తారా?

కొత్తపేట కుర్రాడు: రాజుగారి మాతృభాష కాదండీ నేనడిగింది...

క్యాన్సిల్ టికెట్: మాల్దీవులు అన్నారుగా, నేను చెప్తా. 2024 జనవరిలో వాళ్ల మంత్రులు మోదీ గారిని తిట్టారని దేశభక్తితో హనీమూన్ టికెట్లు రద్దు చేశా. 18 వేలు పోయాయి. మా ఆవిడ ఇప్పటికీ వదలట్లేదు. 2025 జులైలో చూస్తే వాళ్ల స్వాతంత్ర్య దినోత్సవానికి మోదీ గారే ముఖ్య అతిథి, పక్కన 'ఇండియా అవుట్' అన్న వాళ్ల అధ్యక్షుడు ముయిజ్జు నవ్వుతూ నిలబడ్డాడు. దేశాలకి రాజీ కుదిరింది, మా ఇంట్లోనే కుదరలేదు.

ఐదు లీటర్లు: అన్నా, ఈసారి కొలంబో తీసుకెళ్లు. ఆటో అతని నంబరు నా దగ్గరుంది.

నల్లమల: షిప్పింగ్ మాస్టారూ, లీజు సంగతి ఒప్పుకుంటా. రాజుగారు మాత్రం తమిళుడే.