గిరి ప్రదక్షిణ దారికి ఫోన్‌లో తెరుచుకునే మ్యాప్ చేయాలి: ఏ టూల్ వాడమంటారు?

లత_ఇసుకతోట

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో సింహాచలం కొండ చుట్టూ నడిచే గిరి ప్రదక్షిణ నాడు ఇసుకతోట దగ్గర మజ్జిగ పోసే అపార్ట్‌మెంట్ ఆడవాళ్లం మేము. ఆషాఢ చతుర్దశి మధ్యాహ్నం కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్ మీదుగా మా వైపు వస్తారు. చీకటి పడ్డాక మొదలైన వరస తెల్లారేదాకా ఆగదు.

స్టాల్ దగ్గర మమ్మల్ని ఎవరూ మజ్జిగ అడగరు, అది చేతిలో పెట్టేస్తాం కాబట్టి. అడిగేది ఒకటే: "అమ్మా, బాత్రూమ్ ఎక్కడుంది?" ముఖ్యంగా ఆడవాళ్లు. ఆ తర్వాత, "కాలు పట్టేసింది, ఇక్కణ్ణుంచి బస్సు దొరుకుతుందా?" ఇంకొందరు, "మావాళ్లు ఎన్ఏడీ దగ్గర ఉంటామన్నారు, ఎన్ఏడీలో ఎక్కడ?" అంటారు. ఎన్ఏడీ అంటే ఒక చోటా! పైన ఫ్లైఓవర్, కింద నాలుగు దిక్కులా రోడ్లు. నేనేం చెప్పను?

అందుకని ఈసారి ఒక మ్యాప్ చేద్దామనుకున్నాం. టాయిలెట్లు, మందుల శిబిరాలు, తాగునీళ్లు, కూర్చోవడానికి నీడ, బస్సు ఎక్కే చోట్లు. దారిలో అక్కడక్కడా ఉన్న మా స్నేహితులు వివరాలు పంపుతున్నారు, నేను గూగుల్ షీట్‌లో ఎక్కిస్తున్నాను. ఇప్పటికే వంద వరసలు దాటింది. పేర్లన్నీ తెలుగులోనే ఉన్నాయి, అలాగే ఉండాలి కూడా.

మా పరిస్థితి ఇదీ. డబ్బు పెట్టలేం. కోడింగ్ రాదు. ల్యాప్‌టాప్ మా అబ్బాయిది, వాడు కాలేజీకి వెళ్లినప్పుడే నాకు దొరుకుతుంది. చూసేవాళ్లు కొత్త యాప్ ఏదీ వేసుకోరు, వేసుకోమని చెప్పే ఓపిక నాకూ లేదు. చివరి రోజున కూడా స్టాళ్లు అటూ ఇటూ జరుగుతాయి, కాబట్టి ముగ్గురు నలుగురం ఎక్కడివాళ్లం అక్కడి నుంచే మార్చుకోగలగాలి. జనం కిక్కిరిసిన చోట ఫోన్ సిగ్నల్ చచ్చిపోతుంది, దానికేం చేయాలో కూడా చెప్పండి.

ముడసర్లోవ_వాకర్

లత గారూ, ఎక్కువ ఆలోచించకండి, గూగుల్ మై మ్యాప్స్ చాలు. మీ దగ్గర షీట్ ఎలాగూ ఉంది. కంప్యూటర్‌లో మై మ్యాప్స్ తెరిచి, కొత్త మ్యాప్ పెట్టి, ఇంపోర్ట్ నొక్కి ఆ షీట్ ఎంచుకోండి. చోటు ఏ కాలమ్‌లో ఉంది, పేరు ఏ కాలమ్‌లో ఉంది అని అడుగుతుంది. చెబితే పిన్నులన్నీ పడిపోతాయి. ఒక లేయర్‌కు (పిన్నుల పొరకు) 2,000 వరకు, ఒక మ్యాప్‌కు 10 లేయర్లు. మీకు అందులో పదో వంతు కూడా అక్కర్లేదు.

"రకం" అనే కాలమ్‌ను బట్టి రంగులు మార్చమని చెప్పొచ్చు. టాయిలెట్ నీలం, మందులు ఎరుపు, అలా.

షేర్‌లోకి వెళ్లి లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చని పెట్టండి. మార్చే హక్కు మాత్రం లింక్‌తో ఇవ్వొద్దు, మీ ముగ్గురు నలుగురి మెయిల్ ఐడీలకే ఇవ్వండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో లింక్ నొక్కితే మామూలు గూగుల్ మ్యాప్స్‌లోనే తెరుచుకుంటుంది, కొత్త యాప్ గొడవ లేదు.

ఒక చిక్కు. ఆండ్రాయిడ్‌కు విడిగా ఉండే మై మ్యాప్స్ యాప్‌ను గూగుల్ 2021లో తీసేసింది. ఫోన్ బ్రౌజర్‌లో మార్పులు చేయొచ్చు గానీ ఆ బుల్లి బటన్లతో ప్రాణం విసిగిపోతుంది. పెద్ద మార్పులకు మీ అబ్బాయి ల్యాప్‌టాపే గతి.

గొలుసు_లింకులు

అమ్మా లతా, సర్వే పనిలో జుట్టు నెరిసినవాణ్ణి. టూల్ సంగతి కుర్రాళ్లు చెబుతారు. నేను నీ షీట్ గురించి చెబుతాను, ఎందుకంటే మ్యాప్ బాగుంటుందో లేదో అక్కడే తేలిపోతుంది.

చిరునామాలు రాసి, వాటిని బట్టి పిన్నులు పెట్టమని ఏ టూల్‌నూ అడగొద్దు. మన ఊరి డోర్ నంబర్లు, "రైతు బజారు ఎదురు సందు" లాంటివి వాటికి అర్థం కావు. ఏదో ఒక చోట పిన్ను పడేస్తాయి, అది తప్పని కూడా చెప్పవు. చోటు దగ్గరే నిలబడి, గూగుల్ మ్యాప్స్‌లో వేలు గట్టిగా నొక్కిపట్టి, వచ్చిన రెండు అంకెలు పంపమను. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. మన ఊరికి 17తో మొదలయ్యేది అక్షాంశం, 83తో మొదలయ్యేది రేఖాంశం. రెండింటికీ రెండు కాలమ్‌లు పెట్టు. కేఎంఎల్, జియోజేసన్ లాంటి మ్యాప్ ఫైళ్లలో ఈ వరస తిరగబడి రేఖాంశం ముందు వస్తుంది. తారుమారైతే నీ మజ్జిగ స్టాల్ స్వాల్‌బార్డ్ దీవులు కూడా దాటి ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. పిన్నులన్నీ మాయమయ్యాయని ఎవరైనా అంటే ముందు అక్కడ వెతకండి.

దశాంశాలు కత్తిరించొద్దు. చుక్క తర్వాత రెండో అంకె ఒకటి మారితే కిలోమీటరుకు పైగా జరిగిపోతాం. నాలుగోది మారితే సుమారు 11 మీటర్లు, అయిదోది మారితే మీటరు. అయిదు అంకెలు ఉంచు. అంతకన్నా ఎక్కువ రాసినా ఫోన్ జీపీఎస్‌కు అంత పనితనం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రాత్రి రోడ్డు నిండా జనం ఉంటారు. హైవే ముక్కలో మధ్యన డివైడర్ ఉంటుంది. టాయిలెట్ అవతలి వైపు ఉందనుకో, మ్యాప్‌లో 20 మీటర్లు, మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది వేరే ఊరు. కాబట్టి ప్రతి చోటుకూ "ఏ వైపు" అనే కాలమ్ తప్పనిసరి. ఎడమ, కుడి అని రాస్తే ఎటు తిరిగి నిలబడ్డారో తెలియదు. ప్రదక్షిణలో కొండ ఎప్పుడూ మన కుడి చేతి వైపే ఉంటుంది. అందుకని "కొండ వైపు", "బయటి వైపు" అని రాయి. అడవివరంలోనైనా గోపాలపట్నంలోనైనా ఆ మాట చెల్లుతుంది, ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో కాలమ్, తొలిపావంచా నుంచి ఎన్ని కిలోమీటర్లు అని. మై మ్యాప్స్‌లో స్కేలు బొమ్మ నొక్కి దారి వెంట కొలుచుకోవచ్చు. షీట్‌ను ఆ వరసలో పెట్టుకుంటే మ్యాప్ తెరుచుకోనివాళ్లకు అదే పట్టికలా పనికొస్తుంది. నడిచేవాడికి కావాల్సింది "నా ముందు ఇంకెంత దూరంలో" అన్నదే. వెనక్కి ఎవడూ నడవడు.

ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు తెరిచి ఉంటుంది, ఎవరు ఎప్పుడు చూసి వచ్చారు, ఇవి కూడా ఉండాలి. చూసి రానివి మ్యాప్‌లో పెట్టొద్దు. రాత్రి రెండింటికి తాళం వేసి ఉన్న మరుగుదొడ్డికి ఒక ముసలావిడను పంపించడం కన్నా, అక్కడేమీ లేదని చెప్పడం నయం.

దారి గీతను డ్రైవింగ్ డైరెక్షన్లు అడిగి వేయించకండి. అది తన దగ్గరి దారి పట్టుకుని పోతుంది, అదీకాక పది చోట్లకు మించి తీసుకోదు. గీత గీసే పనిముట్టుతో మలుపు మలుపుకూ చేత్తో నొక్కుకుంటూ వెళ్లాలి. విసుగే, కానీ ఒక్కసారే కదా.

మర్రిపాలెం_పైథాన్

పెద్దాయన చెప్పిన "కొండ వైపు" ఐడియా సూపర్. టూల్ విషయంలో మాత్రం నాది వేరే మాట. మై మ్యాప్స్‌లో షీట్‌ను ఇంపోర్ట్ చేస్తే ఆ క్షణాన ఉన్న డేటా కాపీ అవుతుంది, అంతే. తర్వాత షీట్‌లో మార్చినా మ్యాప్ మారదు, మళ్లీ ఇంపోర్ట్ చేయాలి. చివరి రోజు మార్పులే మీ సమస్య అయినప్పుడు ఇది టెన్షన్.

యూమ్యాప్ చూడండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) మీద నడిచే ఓపెన్ సోర్స్ టూల్, పూర్తిగా ఫ్రీ. ఖాతా లేకుండా కూడా మ్యాప్ చేయొచ్చు. అలా చేస్తే మార్పులు చేసుకోవడానికి ఒక రహస్య లింక్ ఇస్తుంది, దాన్ని భద్రంగా దాచుకోవాలి. దీన్ని నేను ఎందుకు చెబుతున్నానంటే, లేయర్‌కు రిమోట్ డేటా అని ఒక సెట్టింగ్ ఉంది. మీ గూగుల్ షీట్‌లో పబ్లిష్ టు వెబ్‌కు వెళ్లి, సీఎస్‌వీ (కామాలతో విడదీసిన సాదా పట్టిక ఫైల్) ఎంచుకుంటే ఒక లింక్ వస్తుంది. దాన్ని అక్కడ పెట్టి, ఫార్మాట్ సీఎస్‌వీ అని చెప్పండి. ఇక మీరు షీట్‌లో మార్చింది కొన్ని నిమిషాల్లో మ్యాప్‌లోకి వచ్చేస్తుంది. వెంటనే రాలేదని కంగారు పడొద్దు. లోడ్ కాకపోతే ప్రాక్సీ అనే ఆప్షన్ ఆన్ చేయండి. మీ స్నేహితులకు మ్యాప్ జోలికే వెళ్లే పని లేదు, ఫోన్‌లో షీట్ దిద్దితే చాలు.

కాలమ్ పేర్లలో మూడు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి: నేమ్ (name), లాట్ (lat, అక్షాంశం), లాన్ (lon, రేఖాంశం). లోపల ఉండే పేర్లు తెలుగులో ఉన్నా ఇబ్బంది లేదు. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ చేస్తే మాత్రం యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

హెచ్చరిక: పబ్లిష్ చేసినది ఎవరైనా చదవగలరు. వాలంటీర్ల ఫోన్ నంబర్లు వేరే ట్యాబ్‌లో పెట్టుకుని, మ్యాప్‌కు కావాల్సిన ఒక్క ట్యాబ్‌నే పబ్లిష్ చేయండి. ఆ డ్రాప్‌డౌన్‌లో మొత్తం డాక్యుమెంట్ అని మొదటే ఎంచుకుని ఉంటుంది, చూసుకోండి.

సిగ్నల్ విషయానికి వస్తే, బ్రౌజర్‌లో తెరిచే ఏ మ్యాప్‌కైనా నెట్ కావాల్సిందే. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకున్నా మై మ్యాప్స్ పిన్నులు అందులోకి రావు. సొంతంగా యాప్ వేసుకునే ఓపిక ఉన్న కుర్రాళ్లకు కేఎంఎల్ ఫైల్ ఇచ్చి, ఆర్గానిక్ మ్యాప్స్‌లో తెరుచుకోమనండి. అది నెట్ లేకుండా నడుస్తుంది.

ముడసర్లోవ_వాకర్

తమ్ముడూ, యూమ్యాప్ బాగానే ఉంది గానీ మా నాన్నకు గూగుల్ మ్యాప్స్ అలవాటు. పిన్ను నొక్కితే దారి చూపించాలి, నీలం చుక్క కదలాలి. బ్రౌజర్‌లో లొకేషన్ అనుమతి అడగ్గానే ఆయన భయపడి "వద్దు" నొక్కేస్తారు. చూసేవాళ్లు ఎలాంటివాళ్లో కూడా ఆలోచించాలి కదా.

మర్రిపాలెం_పైథాన్

ఒప్పుకుంటాను అన్నా. పిన్ను నొక్కితే వచ్చే పాప్అప్‌లో ప్రతి చోటుకూ ఒక గూగుల్ మ్యాప్స్ లింక్ పెట్టొచ్చు. షీట్‌లో ఒక ఫార్ములా రాస్తే లాట్, లాన్ కలిపి లింక్ దానంతట అదే తయారవుతుంది. లత గారికి కావాలంటే ఫార్ములా రాసిస్తాను.

గొలుసు_లింకులు

రెండు చిన్న మాటలు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల మీద నిబంధనలు బాగా సడలించింది, మనలాంటివాళ్లు ముందస్తు అనుమతులు తీసుకోవాల్సిన పని లేదు. అయినా ఇది నేవీ ఊరు. ఎన్ఏడీ అన్న పేరే నేవీ ఆయుధ డిపో నుంచి వచ్చింది. ఆ గోడల లోపల ఏముందో, ఏ గేటు ఎక్కడుందో మీ మ్యాప్‌లో రాయొద్దు. బయట రోడ్డు మీద ఉన్నది చాలు.

రెండోది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన దారి పక్క సందులు, మరుగుదొడ్లు తక్కువ ఉంటే మీరే చేర్చవచ్చు, అది ప్రదక్షిణ అయిపోయాక కూడా ఊరికి మిగులుతుంది. కానీ గూగుల్‌లో చూసి అందులో ఎక్కించడం కుదరదు, ఆ హక్కులు వేరు. కళ్లారా చూసిందే ఎక్కించాలి. ఒక్క రాత్రి ఉండే మజ్జిగ స్టాల్ అందులో పెట్టొద్దు, శాశ్వతంగా ఉండేవే.

లత_ఇసుకతోట

అందరికీ థాంక్స్. యూమ్యాప్ పక్కా చేసుకున్నాను. ముడసర్లోవ గారూ, మీ నాన్నగారి లాంటివాళ్ల కోసం లింక్ కాలమ్ కూడా పెడుతున్నాం. సార్, "కొండ వైపు" కాలమ్ పెట్టగానే మా షీట్‌లో మూడో వంతు వరసలకు సమాధానం లేదు. అందరినీ మళ్లీ వెళ్లి చూసి రమ్మన్నాను, తిట్టుకుంటూ వెళ్లారు.

నీడ, తాగునీళ్లు తీసేశాను. నీళ్లు అడుగడుగునా ఇస్తారు, వాటికి పిన్నులు పెడితే టాయిలెట్లు వాటి కింద దాక్కుంటున్నాయి. టాయిలెట్, మందులు, బస్సు, కలుసుకునే చోటు. నాలుగే. ఎన్ఏడీలో కలుసుకునే చోటు ఒకటే పెట్టాం, అదీ కొండ వైపు.

స్టాళ్ల దగ్గర క్యూఆర్ కోడ్ అతికిద్దామనుకుంటున్నాం. అది ఎలా చేయాలి?

మర్రిపాలెం_పైథాన్

క్రోమ్‌లో మ్యాప్ తెరిచి షేర్ నొక్కితే క్యూఆర్ వస్తుంది, ఏ వెబ్‌సైట్‌కూ డబ్బు కట్టొద్దు. ఫ్రీ అని చెప్పి తర్వాత ఆపేసే క్యూఆర్ సైట్లు ఉన్నాయి జాగ్రత్త. రహస్య ఎడిట్ లింక్‌కు మాత్రం క్యూఆర్ చేయకండి! ముందు మీ ఖాతాలేవీ లేని వేరే ఫోన్‌లో, ఇన్‌కాగ్నిటోలో స్కాన్ చేసి చూడండి. ఏ-4 కాగితం మీద అరచేయంత సైజు ఉంటే రాత్రి వీధి దీపం వెలుగులోనూ పట్టుకుంటుంది. పక్కనే మీ కిలోమీటర్ల పట్టిక కూడా ప్రింట్ తీసి అతికించండి, నెట్ రానివాళ్లకు. మ్యాప్ బొమ్మ ప్రింట్ చేస్తే కింద మూలన ఉండే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు కత్తిరించకండి, అది ఉంచాలన్నది వాళ్ల లైసెన్సు షరతు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అక్షరాలు మసకబారవు.

గోశాల_దగ్గరివాణ్ణి

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. గోపాలపట్నం నుంచి పాత గోశాల దాకా మీ షీట్‌లో ఎవరైనా ఉన్నారా? ఆఖరి ముక్కలోనే జనం ఎక్కువగా కూలబడతారు. మేం నలుగురం అక్కడే ఉంటాం, చూసి ఎక్కిస్తాం.

లత_ఇసుకతోట

అక్కడ ఎవరూ లేరండీ, చాలా మంచి మాట చెప్పారు. మీ మెయిల్ ఐడీ ఇక్కడ రాయకుండా నాకు మెసేజ్ చేయండి, ఎడిట్ ఇస్తాను. గోపాలపట్నం తర్వాత వరసలన్నీ ఖాళీగా ఉంచాను, "ఏ వైపు" నింపకుండా మాత్రం వదలకండి.