మౌత్‌గార్డ్ అలారం మోగిందని ఆటగాణ్ణి బయటికి పిలవాలా?

లేపాక్షి:
2024 నుంచి రగ్బీ పెద్ద మ్యాచ్‌ల్లో సెన్సర్ ఉన్న మౌత్‌గార్డ్ (పళ్లకి తొడిగే కవచం) వాడుతున్నారు. తలకి తగిలిన దెబ్బ ఎంత బలమైందో అది కొలుస్తుంది. మొదట పెట్టిన హద్దు మగవాళ్లకి 75 జీ, ఆడవాళ్లకి 65 జీ (ఒక జీ అంటే భూమి గురుత్వ త్వరణమంత). కోణీయ త్వరణం, అంటే తల తిరిగే వేగం ఎంత త్వరగా మారిందన్నది, ఇద్దరికీ సెకను వర్గానికి 4,500 రేడియన్లు. అది దాటితే డాక్టర్‌కి అలారం వెళ్తుంది, ఆటగాడు పరీక్షకి బయటికి రావాలి. నేను ఒప్పుకోను. 75 జీ దెబ్బ తిని ఏమీ కానివాళ్లున్నారు, అందులో సగానికే కంకషన్ (దెబ్బకి మెదడు అదిరి పనితీరు దెబ్బతినడం) వచ్చినవాళ్లున్నారు. అలాంటప్పుడు ఆ అంకెకి విలువేంటి?

పలక:
అలారం రోగ నిర్ధారణ కాదండీ, పరీక్షకి పిలుపు. 12 నిమిషాల్లో పదాలు గుర్తుంచుకోవడం, అంకెలు వెనక నుంచి చెప్పడం, గీత మీద మడమకి మునివేలు ఆనించి నడవడం చూస్తారు. తేడా ఉంటే మళ్లీ ఆడనివ్వరు. మ్యాచ్ అయ్యాక 3 గంటల్లోపు ఇంకోటి, 36-48 గంటల మధ్య మూడోది. రక్ (నేల మీది బంతి కోసం ఆటగాళ్లు గుంపుగా తోసుకోవడం) కింద పడినవాడి తల ఏ కెమెరాకీ అందదు. అలారం అందుకు.

నల్లరేగడి:
రక్తపరీక్ష వచ్చిందిగా, ఇవన్నీ ఎందుకు?

పలక:
2018లో అమెరికాలో అనుమతి పొందిన జీఎఫ్‌ఏపీ, యూసీహెచ్‌ఎల్1 పరీక్ష (మెదడు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే రెండు ప్రొటీన్లని కొలిచేది) పెద్దవాళ్లకి సీటీ స్కాన్ అవసరమా కాదా అన్నది తేల్చడానికి. స్కాన్‌లో కనబడే రక్తస్రావంలాంటి గాయం ఉండే అవకాశం ఎంతో చెబుతుంది. కంకషన్‌లో స్కాన్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది, కాబట్టి కంకషన్ ఉందో లేదో ఆ పరీక్ష తేల్చదు.

లేపాక్షి:
నేనడిగింది అంకె గురించి. గార్డ్‌లోని జైరో (తిరగడాన్ని కొలిచే సెన్సర్) ఇచ్చేది కోణీయ వేగం. దాన్ని డిఫరెన్షియేట్ చేస్తేనే, అంటే క్షణక్షణం ఎంత మారిందో లెక్కిస్తేనే, త్వరణం వస్తుంది, సిగ్నల్‌లో ఇంత నాయిస్ ఉన్నా అక్కడ కొండంత అవుతుంది. గార్డ్ వదులుగా ఉన్నా, గట్టిగా కొరికినా, తీసి సాక్సులో దోపుకున్నా దొంగ దెబ్బ నమోదవుతుంది.

పలక:
అందుకే పళ్ల కొలత తీసి ఎవరిది వాళ్లకి చేయిస్తారు, గార్డ్ పళ్ల మీదే ఉందా అని చూసే సెన్సర్ కూడా పెడతారు. హెల్మెట్ తల మీద జారుతుంది, చెవి వెనక పట్టీ చర్మంతోపాటు కదులుతుంది. పై పళ్లు పుర్రెలో బిగిసి ఉంటాయి. ఇంతకంటే మంచి చోటు చూపించండి.

ఆరో వికెట్:
2019 లార్డ్స్ టెస్టు గుర్తుందా? ఆర్చర్ బంతి తగిలాక స్మిత్ పరీక్షలు పాసై మళ్లీ బ్యాటింగ్‌కి వచ్చాడు. లక్షణాలు మర్నాడు బయటపడ్డాయి. పరీక్ష పాసైతే చాలని ఎలా అంటారు?

లేపాక్షి:
అది మెడ మీద తగిలింది. దీనికి పోలిక కాదు.

పలక:
ఎక్కడ తగిలిందన్నది కాదు, లక్షణాలు ఆలస్యంగా వస్తాయన్నది విషయం! మూడో పరీక్ష ఉన్నది అందుకే. మీరు పొద్దుట్నుంచి 75 జీ చుట్టూనే తిరుగుతున్నారు. ఆటగాళ్ల తలలు పగిలినా ఫరవాలేదా?

లేపాక్షి:
ఆ మాట వెనక్కి తీసుకోండి. నా బాధంతా అలారం మోగని దెబ్బల గురించే. 2023లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన 631 మంది మెదళ్లు పరిశీలించారు. సీటీఈతో (పదేపదే తలకి దెబ్బలు తగిలి మెదడు క్షీణించే జబ్బు) ముడిపడినవి జీవితకాలంలో పడిన దెబ్బల సంఖ్యా, వాటి మొత్తం బలమూ. ఎన్నిసార్లు కంకషన్ అయిందన్నది కాదు. వారమంతా ట్రైనింగ్‌లో 20 జీ, 30 జీ దెబ్బలు తిన్నవాడికి మ్యాచ్‌లో అలారం మోగకపోతే బాగున్నాడని రాసేస్తారు. ట్రైనింగ్‌లో పూర్తి కాంటాక్ట్, అంటే నిజంగా ఢీకొట్టుకునే సాధన, వారానికి 15 నిమిషాలు మించొద్దని 2021లో ఆట పాలక సంస్థ వరల్డ్ రగ్బీ చెప్పింది. అది సలహా, నిబంధన కాదు.

పలక:
ఇది మొదటే చెప్పాల్సింది. ఆ 631 మందీ మెదడు దానంగా వచ్చినవాళ్లు, అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువ దానం చేస్తాయి. దెబ్బల లెక్క కూడా వాళ్ల తలల మీద కొలిచింది కాదు. వేరే ఆటగాళ్ల హెల్మెట్ సెన్సర్ల నుంచి స్థానాన్ని బట్టి అంచనా వేశారు. ఆ లోటు తీర్చేది మీరు వద్దంటున్న ఈ మౌత్‌గార్డే. ట్రైనింగ్‌లో కూడా తప్పనిసరి చేస్తే?

లేపాక్షి:
లెక్క కోచ్ చేతికి వెళ్లకూడదు. దెబ్బలెక్కువ తిన్నవాణ్ణి జట్టులోంచి తీసేస్తారని తెలిస్తే గార్డ్ సాక్సులోనే ఉంటుంది. డాక్టర్‌కీ ఆటగాడికీ మాత్రమే కనబడాలి, వారం మొత్తం కూడి చూడాలి. అప్పుడు సరే.

పలక:
అందులో పేచీ లేదు. మ్యాచ్‌లో మోగితే మాత్రం బయటికి రావాల్సిందే.

లేపాక్షి:
ఆ 75 దగ్గర నేనింకా ఒప్పుకోలేదు.