నాణెం మీద ‘శివే’: స్లొవేనియా జాతీయగీతంలో ఒక చరణం

రెండు యూరోల నాణెం ఫోటో పెట్టి, “రోమన్ అక్షరాల్లో శివే అని ఉంది, యూరప్ నాణెం మీద శివుడి పేరేమిటి?” అని అడిగిన అక్కకి ఈ జవాబు. కామెంట్లో ఇమడదని విడిగా రాస్తున్నా.

అది స్లొవేనియా నాణెం. దాని మీద ఉన్న ముఖం ఫ్రాంత్సె ప్రెషేరెన్ (1800–1849) అనే కవిది. ముఖం పక్కన ఉన్నది ఆయన కవితలో ఒక పాదం: ‘జివే నాయ్ వ్సి నరోది’. మొదటి అక్షరం శ కాదు. ఇంగ్లీషు ‘ట్రెజర్’ మాట మధ్యలో వినిపించే ధ్వని. మనకి దానికి అక్షరం లేదు కాబట్టి జ తో సరిపెడుతున్నా. రోమన్ లిపిలోనూ దానికి అక్షరం లేకపోతే, 1584లో స్లొవేనియన్ వ్యాకరణం రాసిన ఆడమ్ బొహోరిచ్ పద్ధతిలో ఎస్, హెచ్ కలిపి రాసేవారు. 1840లలో కొత్త లిపి వచ్చి ఆ పద్ధతి పోయింది. నాణెం మీద మాత్రం పాత రాతే ఉంచారు, అందుకే మన కంటికి శివే అని కనబడుతోంది.

శివుడితో సంబంధం లేదు కానీ అక్కకి వచ్చిన అనుమానం వృథా పోలేదు. ‘జివ్’ అంటే బతకడం. అది మన ‘జీవ’ శబ్దమే, సంస్కృతానికీ స్లావిక్ భాషలకీ ఉమ్మడి పూర్వభాష నుంచి వచ్చింది. ‘వ్సి’ అంటే అందరూ. ఇదీ ‘విశ్వ’ శబ్దానికి చుట్టమే. ‘నరోది’ అంటే జాతులు, జనాలు. ‘నాయ్’ అనేది మన ‘గాక’ లాంటిది. మొత్తం కలిపితే ‘సకల జాతులూ జీవించుగాక’. స్లొవేనియా జాతీయగీతం మొదలయ్యేది ఈ పాదంతోనే.

ఇంతకంటే ఎక్కువ చెప్పుకోవలసింది ఆ చరణంలో చివరి పాదం గురించి. ముందు మొత్తం చరణానికి నా తెలుగు:

సకల జాతులూ వర్ధిల్లుగాక,
సూర్యుడు నడిచే దారి పొడవునా
కలహం లోకం విడిచిపోయే రోజు కోసం
కళ్ళు కాయలు కాచేలా చూసే జాతులన్నీ;
తన జనంలో
ప్రతివాడూ స్వేచ్ఛగా ఉండాలి,
గట్టు పక్కవాడు దయ్యం కాదు, పొరుగువాడే కావాలి!

చివరి పాదం మూలంలో ‘నె వ్రాగ్, లె సోసెద్ బొ మెయాక్’. ఇందులో ‘మెయాక్’ అనే మాట దగ్గరే అనువాదకులు తేలిపోతారు. ‘మెయ’ అంటే హద్దు. మెయాక్ అంటే మన హద్దుకి ఆనుకుని భూమి ఉన్నవాడు. రాజకీయం మాట కాదు, రైతు మాట. దీన్ని ‘పొరుగు దేశం’ అని అనువదిస్తే పాదంలో మట్టి వాసన మొత్తం పోతుంది. ఈ ‘మెయ’కి, మన ‘మధ్య’కి మూలం ఒకటే. గట్టు ఉండేది ఇద్దరి మధ్యా కదా! అక్కడ మధ్యనున్నదే హద్దు అయింది.

‘సోసెద్’ అంటే పొరుగువాడు. ముక్కలు విడదీస్తే సంస్కృతంలో ‘సం’ ఉపసర్గ, ‘సద్’ ధాతువు, అంటే కలిసి కూర్చునేవాడు. ఈ రెండు ముక్కలతోనే మనకి ‘సంసద్’ వచ్చింది. కాబట్టి కవి అంటున్నది ఇది: హద్దుకి అవతల ఉన్నంత మాత్రాన ఎవడూ పొరుగువాడైపోడు. హద్దు పంచుకోవడం భూమి వల్ల వస్తుంది, పొరుగు కలిసి కూర్చుంటే వస్తుంది. మొదటిదాన్ని రెండోది చేయమంటున్నాడు.

ఈ కవిత పేరు ‘జ్‌ద్రావ్లీత్స’. గ్లాసు పైకెత్తి ఆరోగ్యం కోరుతూ పాడే పాట అని. ‘ద్రాక్షతీగలు మళ్ళీ మనకి తియ్యని వైన్ ఇచ్చాయి, మిత్రులారా’ అంటూ మొదలవుతుంది. ‘జ్‌ద్రావ్’ అంటే ఆరోగ్యంగా ఉన్నవాడు. దీని వెనక ‘సు’, ‘దారు’ శబ్దాల చుట్టాలున్నాయి, అంటే మంచి మాను. మనం ‘చేవ ఉన్న మనిషి’ అనమూ, అలాగన్నమాట. కవిత ఆకారం కూడా వైన్ గ్లాసే. ప్రతి చరణంలో మొదటి నాలుగు పాదాలు ఏడెనిమిది అక్షరాలవి, తర్వాత రెండు పాదాలు మూడేసి అక్షరాలవి, చివరిది మళ్ళీ ఎనిమిది. పాదాల్ని మధ్యకి సర్ది అచ్చు వేస్తే పైన గిన్నె, కింద కాడ, అడుగున పీట కనిపిస్తాయి. పద్యాన్ని బొమ్మ ఆకారంలో కూర్చే బంధకవిత్వం చదివినవాళ్ళకి ఈ సరదా కొత్తేం కాదు. జాతీయగీతంలో మాత్రం ఇలాంటిది ఇంకోటి నాకు తెలీదు.

రాసింది 1844లో. అప్పటికి మ్యాపులో స్లొవేనియా అనే దేశమే లేదు. స్లొవేనియన్ మాట్లాడేవాళ్ళు ఆస్ట్రియా సామ్రాజ్యంలో క్రాయిన్, స్టిరియా, కరింథియా, గోరిత్స లాంటి పరగణాల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. కోర్టులో, ఆఫీసులో జర్మన్ నడిచేది. ప్రెషేరెన్ లాయరు, పని జర్మన్‌లో, కవిత్వం ఎక్కువగా సొంత భాషలో. తమకంటూ ఒక సరిహద్దే లేని జాతి కవి సరిహద్దు పక్కవాడి మంచి కోరుతున్నాడు. నన్ను ఈ పాదం దగ్గర పట్టి నిలబెట్టేది అదే.

*

వ్యాఖ్య: సార్, చాలా బాగా రాశారు. కానీ ఇదే కవితలో శత్రువుల నెత్తిన పిడుగు పడాలని కూడా ఉందని చదివాను. శాంతిగీతం అని మెచ్చుకునే ముందు ఆ ముక్క కూడా చెప్పాలి కదా?

జవాబు: చెప్పాల్సిందేనండీ. మూడో చరణంలో ‘మా జాతి శత్రువుల మీద మబ్బుల్లోంచి పిడుగు పడుగాక’ అని ఉంది. తర్వాతి చరణంలో స్లావ్ జాతుల ఐక్యత ప్రస్తావన ఉంది. వియన్నాలో కూర్చున్న సెన్సారుకి ఇవి నచ్చలేదు. ఆ సెన్సారు ఎవరో కాదు, ఫ్రాంత్స్ మిక్లోషిచ్, స్వయంగా స్లొవేనియన్, తర్వాతి కాలంలో స్లావిక్ భాషాశాస్త్రంలో మహా పండితుడు అనిపించుకున్నవాడు. కోసిన కవితని అచ్చు వేయడం ప్రెషేరెన్‌కి ఇష్టం లేక తన కవితల సంపుటిలోంచి మొత్తంగా తీసేశాడు. 1848లో విప్లవం వచ్చి సెన్సారు పోయాక, ఆ ఏప్రిల్‌లో రైతుల కోసం, చేతిపనివాళ్ళ కోసం నడిచే ‘నోవిత్సె’ పత్రికలో వచ్చింది. మరుసటి ఫిబ్రవరి 8న ఆయన క్రాన్య్ ఊళ్ళో చనిపోయాడు. ఆ రోజు ఇప్పుడు అక్కడ సంస్కృతి దినం, ప్రభుత్వ సెలవు. ఒక కవి పోయిన రోజుని దేశమంతా సెలవుగా పాటించడం నాకు ఎంతో నచ్చిన సంగతి.

పిడుగు చరణం ఉన్నా సరే, చట్టం 1994లో జాతీయగీతంగా ఎంచుకున్నది ఏడో చరణాన్నే. 1989లో ఇంకా యుగోస్లావియాలో ఉండగానే ఈ కవితని తమ గీతంగా తెచ్చుకున్నారు. అంతకుముందున్న గీతం ‘ముందుకు, కీర్తి పతాకమా’ అంటూ యుద్ధానికి పిలిచేది. ఇప్పటి గీతానికి స్వరం స్తాంకో ప్రెమ్రల్‌ది, 1905లో కట్టింది.

వ్యాఖ్య: అన్నా, పాట బాగానే ఉంది. అసలు ఆ దేశం పొరుగువాళ్ళతో అలా ఉందా మరి?

జవాబు: తమ్ముడూ, చుట్టూ ఇటలీ, ఆస్ట్రియా, హంగరీ, క్రొయేషియా. దేశం వైశాల్యం 20,271 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి అనంతపురం జిల్లాకంటే కొంచెం పెద్దది. జనం 21 లక్షల పైచిలుకు. ఇంత చిన్న చోట ఎటు చూసినా ఎవరిదో ఒక గట్టు. 1920లో పశ్చిమ భాగం ఇటలీకి పోయింది, ఫాసిస్టుల కాలంలో అక్కడ బళ్ళలో స్లొవేనియన్ మూతపడింది, ఇంటిపేర్లు కూడా మార్పించారు. అదే ఏడాది దక్షిణ కరింథియా ఓటింగులో ఆస్ట్రియా వైపు వెళ్ళింది.

దగ్గరగా చూడాలంటే గోరిత్స ఊరు చాలు. 1947లో గీసిన గీత వల్ల పాత ఊరు ఇటలీకి, రైల్వే స్టేషన్ యుగోస్లావియాకి పోయాయి. ఊరు చేజారింది కాబట్టి ఇటువైపు నోవా గోరిత్స అని కొత్త ఊరే కట్టుకున్నారు. దగ్గర్లోని మీరెన్ గ్రామంలో గీత శ్మశానం మీదుగా, సమాధుల మధ్య నుంచి పోయింది. ఒకే కుటుంబం సమాధులు కొన్ని ఒక దేశంలో, కొన్ని ఇంకో దేశంలో. 1975 ఒప్పందం దాకా అలాగే ఉంది. 2004లో స్లొవేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు స్టేషన్ ముందున్న మైదానంలో కంచె పీకేశారు. 2020లో కోవిడ్ వచ్చి అదే చోట మళ్ళీ కంచె లేచింది, కొన్ని నెలలకి తీసేశారు. 2025లో రెండు ఊళ్ళూ కలిసి యూరప్ సాంస్కృతిక రాజధాని అయ్యాయి. క్రొయేషియాతో మాత్రం పిరాన్ అఖాతంలో సముద్రపు హద్దు తగాదా ఇంకా ఉంది, 2017లో మధ్యవర్తుల తీర్పు వచ్చినా క్రొయేషియా ఒప్పుకోలేదు. మెయాక్ సోసెద్ అయిన చోటు ఉంది, ఇంకా కాని చోటూ ఉంది.

వ్యాఖ్య: మాస్టారూ, నేను రిజిస్ట్రేషన్ దస్తావేజులు రాస్తాను. చెక్కుబందీలో ‘తూర్పున ఫలానావారి భూమి, పడమర ఫలానావారి భూమి’ అని నాలుగు వైపులా రాస్తాం. సర్వే వాళ్ళు ‘హద్దుదారు’ అంటారు. మెయాక్‌కి ఇది సరిపోదా?

జవాబు: అర్థానికి హద్దుదారు అచ్చంగా సరిపోతుందండీ, నాకు తట్టలేదు. కానీ పాటలో పెడితే ఆఫీసు కాగితంలా వినిపిస్తుందేమోనని సంకోచం. గట్టు పక్కవాడు అంటే తగాదా, పలకరింపు రెండూ వినిపిస్తాయి. గట్టు జరిపాడని కోర్టుకెక్కిన ఊరు మనకి తెలుసు, ఆ గట్టు మీదే కూర్చుని సద్దిమూట పంచుకున్నవాళ్ళూ తెలుసు. అందుకే దాన్నే ఉంచుతున్నా.

వ్యాఖ్య: ‘వ్రాగ్’ అంటే రష్యన్‌లో శత్రువు కదండీ, మీరు దయ్యం అని ఎందుకు రాశారు?

జవాబు: అవునమ్మా, రష్యన్‌లో శత్రువే, పాత అర్థమూ అదే. కానీ స్లొవేనియన్‌లో ఆ మాట సైతాను మీదికి జారింది, శత్రువుకి ‘సొవ్రాజ్నిక్’ అనే వేరే మాట ఉంది, మూడో చరణంలో పిడుగు పడమన్నది దాని మీదే. కవికి రెండు మాటలూ చేతిలో ఉన్నాయి, ఇక్కడ వ్రాగ్ ఎంచుకున్నాడు. పక్కవాణ్ణి శత్రువనుకోవడం వేరు, మనిషే కాదనుకోవడం వేరు. రెండోదే ఎక్కువ ప్రమాదం కాబట్టి దయ్యం అనే రాశాను.

వ్యాఖ్య: ఆ భాషలో ద్వివచనం ఉందంటారు, నిజమేనా?

జవాబు: నిజమే. ఒక సోదరుడైతే ‘బ్రాత్’, ఇద్దరైతే ‘బ్రాతా’, ముగ్గురి నుంచి ‘బ్రాత్యె’. క్రియలూ మారతాయి. స్లావిక్ భాషల్లో ఇది నిండుగా మిగిలింది స్లొవేనియన్‌లోనూ, జర్మనీలో ఉన్న సోర్బియన్‌లోనూ మాత్రమే. ఈ చరణంలో మాత్రం కవి దాన్ని వాడలేదు. జాతులు అని బహువచనంతో మొదలుపెట్టి, ఒక్క గట్టు పక్కవాడి దగ్గరికి, ఏకవచనానికి వచ్చి ఆపాడు. ద్వివచనం మీద వేరే పోస్టు పెడదాం, సంస్కృతం వచ్చినవాళ్ళు కూడా అందులో ఉండాలి.