23 ఏళ్లకు అమెరికాలో డిగ్రీ: సొరోరిటీలోకి తీసుకుంటారా?

సాయినగర్_అనంత:
మా చెల్లెలికి 23. ఇక్కడ బీఎస్సీ రెండేళ్లు చదివి ఆపేసింది, ఆగస్టులో టెక్సాస్‌లో బ్యాచిలర్స్‌లో చేరుతోంది. సొరోరిటీలో (అక్కడి కాలేజీల్లో అమ్మాయిల సంఘం) చేరాలని పట్టు. అంతా 18 ఏళ్ల పిల్లలుంటారు, నిన్నెవరు తీసుకుంటారని ఇంట్లో ఒకటే గోల. ఫామ్‌లో వయసు దాచమని ఒకరి సలహా. తెలిసినోళ్లు చెప్పండి.

బురుజు_కర్నూలు:
వయసు దాచొద్దు. వాళ్లు చూసేది వయసు కాదన్నా, ఇంకెన్ని సెమిస్టర్లు ఉంటుందనేది. చాప్టర్ (ఒక్కో క్యాంపస్‌లో ఉండే సొరోరిటీ శాఖ) నడిచేది సభ్యుల ఫీజుల మీద, పదవులు మోసేవాళ్ల మీద. ఏడాదిన్నరలో వెళ్లిపోయే జూనియర్ (మూడో ఏడు) కన్నా నాలుగేళ్లుండే ఫ్రెషర్ వైపే మొగ్గుతారు. అందుకే మొదట తేల్చుకోవాల్సింది ఇక్కడి క్రెడిట్లు ఎన్ని ఒప్పుకున్నారో. ఫ్రెష్‌మన్‌గానో (మొదటి ఏడు) సోఫమోర్‌గానో (రెండో ఏడు) లెక్కలో ఉంటే 23 ఏళ్లున్నా పెద్ద అడ్డు కాదు. జూనియర్ అయితే పోటీ గట్టిదే. కొన్ని క్యాంపస్‌లలో పై తరగతులవాళ్లకు వేరే కోటా ఉంటుంది, ఉందా అని పాన్‌హెలెనిక్ ఆఫీసుకు (క్యాంపస్‌లో సొరోరిటీల వ్యవహారాలు చూసేది) మెయిల్ పెట్టి అడగండి.

రిక్రూట్‌మెంట్‌లో (కొత్తవాళ్లను ఎంచుకునే రౌండ్లు) చాప్టర్లవాళ్లు కలిసే పార్టీలో "ఏ ఇయర్?" అని అడుగుతారు. "జూనియర్" అని ఊరుకోకుండా "ఇంకా 5 సెమిస్టర్లున్నాయి, రెండో ఏడు ఏదైనా బాధ్యత తీసుకోగలను" అనాలి. అది నిజమైతేనే సుమా.

దేవునికడప:
మార్కుల దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. 68 శాతాన్ని 25తో భాగించి 2.72 అని ఫామ్‌లో రాసేస్తారు. మన దగ్గర 60కే ఫస్ట్ క్లాస్ గదా, మూల్యాంకన సంస్థలు అట్ల నేరుగా భాగించవు. కోర్సువారీ రిపోర్టు తెప్పించి అందులో ఉన్న జీపీఏనే వేయండి. కాలేజీ చదివినవాళ్లకు ఇంటర్ మార్కుల కన్నా కాలేజీ జీపీఏనే చూస్తారు.

ఇంకోటి తేదీలు. చాలా పెద్ద యూనివర్సిటీల్లో రిక్రూట్‌మెంట్ క్లాసులకు ముందే అయిపోతుంది, రిజిస్ట్రేషన్ అంతకన్నా ముందే మూస్తారు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఉన్న ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు నుంచే దేశంలోకి రానిస్తారు. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే టికెట్ కొనండి.

బురుజు_కర్నూలు:
తొలి రౌండ్ తర్వాత మళ్లీ పిలిచిన చాప్టర్ల పేర్లు తగ్గిపోతే బెంబేలెత్తి మానేస్తారు, అదే దెబ్బ. గిరాకీ ఎక్కువున్న చాప్టర్లు మొదట్లోనే ఎక్కువమందిని వదిలేయాలి, లెక్క అట్లుంటుంది. మిగిలినవాటికి వెళ్లాల్సిందే. ప్రిఫరెన్స్ రౌండ్ (చివరిది) అయ్యాక సంతకం పెట్టే ఫామ్‌లో, వెళ్లిన ప్రతి చాప్టర్‌నూ వీలైతే ర్యాంకు చేయాలి. "అదొక్కటే కావాలి" అని ఒక్క పేరు రాస్తే, చాప్టర్ తీసుకోవాల్సిన సంఖ్య (కోటా) నిండాక అదనంగా చేర్చే అవకాశం పోతుంది. అయితే ఆ సంతకం గట్టిది: వచ్చిన బిడ్ (చేరమనే పిలుపు) కాదంటే మళ్లీ రిక్రూట్‌మెంట్ దాకా అదే క్యాంపస్‌లో ఎన్‌పీసీ (నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్) కింద ఉన్న 26 సొరోరిటీల్లో వేరేదేదీ తీసుకోదు. ససేమిరా వద్దనుకున్న పేరు రాయొద్దు.

అక్కడ బిడ్ రాకపోతే సీఓబీ (కంటిన్యువస్ ఓపెన్ బిడ్డింగ్) ఉంది. సంఖ్య నిండని చాప్టర్లు సెమిస్టర్ మధ్యలో రౌండ్లు లేకుండా నేరుగా పిలుస్తాయి. పెద్ద వయసువాళ్లకు నా లెక్కలో ఇదే మంచి దారి, తీరిగ్గా కాఫీ తాగుతూ మాట్లాడొచ్చు.

సాయినగర్_అనంత:
థ్యాంక్స్ అన్నా. ఖర్చు? మా పిన్ని కూతురు ఎంఎస్‌కు పోతోంది, ఆమెకూ కుదురుతుందా?

దేవునికడప:
ఎంఎస్ వాళ్లకు ఎన్‌పీసీ రిక్రూట్‌మెంట్ లేదు, అండర్‌గ్రాడ్ అయ్యుండాలి. మీ చెల్లెలు మాత్రం దక్షిణాసియా సొరోరిటీలనూ చూడొచ్చు. డెల్టా ఫై ఒమేగా హ్యూస్టన్‌లో, కప్పా ఫై గామా ఆస్టిన్‌లో, రెండూ 1998లోనే పుట్టాయి. చిన్న బృందాలు, మనిషిని దగ్గరగా చూస్తారు.

ఖర్చులో తొలి సెమిస్టర్ బిల్లే ఎక్కువ: కొత్త సభ్యురాలి ఫీజు, ఇనిషియేషన్ (పూర్తి సభ్యురాలిగా చేర్చుకునే వేడుక), బ్యాడ్జి, ఆపైన మామూలు డ్యూస్ (సభ్యత్వ చందా). ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి. సొరోరిటీ హౌస్‌లో ఉండి తీరాలన్న నియమం ఉందా, ఉండకపోయినా భోజనం డబ్బులు కట్టాలా అనేది కూడా. అపార్ట్‌మెంట్ లీజు ముందే రాసుకుంటే రెండు చోట్లా కట్టాల్సొస్తుంది.